యాభై కిలోల గీత

నవంబర్ 3, 1946

కాగితం దొరికింది. మా ఇంటావిడ ఫ్రౌ బ్రుంకే గారి అటక మీద గోడకాగితం నమూనాల పుస్తకం ఒకటి దుమ్ము పట్టి పడి ఉంటే అడిగాను. ఆవిడ ఊరికే ఇస్తుందా! మూడంతస్తుల మెట్లూ నా చేత కడిగించుకుని అప్పుడిచ్చింది. ముందు వైపు గులాబీలు, వెనక వైపు తెల్లగా ఉంది. ఇక నా ఏడుపంతా గులాబీల వెనక రాసుకుంటాను. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి అబద్ధాలు రాయాల్సిన అవసరం లేదు.

వారం రొట్టె గురువారానికే అయిపోయింది. మొక్కజొన్న పిండితో చేసిన ఆ పసుపు రొట్టె, చేత్తో పట్టుకుంటే పొడైపోతుంది. గూడ్రున్‌ది మాత్రం ఇంకా ఉంది. స్కేలు పెట్టి గీత గీసి, గీత మీద కోసి, పొడిని వేలితో అద్దుకుని తింటుంది. లెక్కల విద్యార్థిని కదా, కడుపుక్కూడా లెక్కలు నేర్పింది. ఆ స్కేలు చూస్తుంటే ఒళ్ళు మండుతుంది నాకు.

ఆరు నెలల నుంచి ఒకే గదిలో ఉంటున్నాం. ఇద్దరిదీ ఒకే ఎత్తు. అందుకని ఉన్న ఒక్క మంచి కోటూ వంతులేసుకుని తొడుక్కుంటాం. ఇవాళ తన వంతు.

నవంబర్ 6

ఇవాళ ఏమీ తినలేదని రాస్తే అది అబద్ధమే. ఈ పుస్తకం వెన్నుకి పూసిన జిగురు పిండితో చేసింది. నాకాను.

నవంబర్ 8

యూనివర్సిటీ నోటీసు బోర్డు మీద కొత్త కాగితం అంటించారు. పదిహేనో తేదీ ఉదయం అమ్మాయిలందరికీ వైద్య పరీక్ష, తూకం. రాని వాళ్ళ పేర్లు రిజిస్టర్లోంచి కొట్టేస్తారట. తూకం ఎందుకో రాయలేదు. రాయకపోతే మాకు తెలీదా! పోయిన టర్మ్‌లో ఛాతీకి ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తుల్లో మచ్చలున్నాయని పదకొండు మందిని ఇంటికి పంపేశారు. ఆ సీట్లు యుద్ధఖైదు నుంచి తిరిగొచ్చిన మగవాళ్ళకి వెళ్ళాయి. ఇప్పుడు బక్కచిక్కిన వాళ్ళని ఏరిపారేస్తారని హాస్టలు వంటగది నుంచి లైబ్రరీ దాకా ఒకటే గోల.

"నన్ను పంపేస్తారే," అంది గూడ్రున్. "నా మొహం చూడు. నేను డాక్టర్నైతే నేనే పంపేద్దును."

"పంపితే పంపనీ. ఇంటికెళ్ళి హాయిగా పడుకుని వచ్చే టర్మ్‌కి రా."

"ఏ ఇంటికే?"

నోరు జారాను. వాళ్ళ ఊరు బ్రెస్లౌ, యుద్ధం ఓడిపోయాక, ఇప్పుడు మా దేశంలోనే లేదు. అక్కడి నుంచి మంచులో నడిచి వస్తుంటే దారిలో వాళ్ళమ్మ పోయింది. ఇక్కడ సీటుంది కాబట్టి ఈ ఊళ్ళో ఉండనిస్తున్నారు. ఉండనిస్తున్నారు కాబట్టి రేషన్ కార్డుంది. సీటు పోయిందా, శరణార్థుల శిబిరంలో రేకుల షెడ్డే గతి. నాకు సీటు పోతే హాంబుర్గ్‌లో అమ్మ ఉంది, పెద్దమ్మ వంటింట్లో ఒక మూల పక్క వేసుకుని. ఆ మూలలో నాక్కూడా చోటిస్తుందంటే నమ్మకం లేదు.

గూడ్రున్ ఏడవలేదు. లేచి కిటికీ దగ్గరికెళ్ళి కర్టెన్ అంచు పట్టుకుని తూచినట్టు పైకీ కిందకీ ఆడించింది.

"హెర్తా, ఈ అంచులో ఏముందో తెలుసా?"

సీసం. కర్టెన్ గాలికి లేవకుండా అంచు మడతలో సీసపు గుళ్ళ తాడు వేసి కుట్టారు. రెండు కిటికీలు, ఇద్దరం.

నవంబర్ 10

ఆదివారమంతా కుట్టుపని. కర్టెన్ల అంచులు విప్పి, సీసం తీసి, లంగాల అంచుల్లో దోపి కుట్టుకుంటున్నాం. హాలు చలిగా ఉంటుంది కాబట్టి కోటూ బూట్లూ మాత్రమే విప్పిస్తారట, బట్టలతోనే తూస్తారట. తలా రెండు కిలోల దాకా వచ్చింది. ఆ పైన నీళ్ళు తాగాలంది గూడ్రున్. లీటరు నీళ్ళు కిలో బరువు. నవ్వుకున్నాం. చాలా రోజులైంది అలా నవ్వుకుని.

ఫ్రౌ బ్రుంకే తలుపు తోసుకుని వచ్చింది. స్నానాల తొట్టిలో కుందేళ్ళని పెంచుతోంది, చేతిలో వాటికి వేసే గడ్డి ఉంది.

"ఏమ్మాయిలూ, నా కర్టెన్లు అలా ఎగురుతున్నాయేంటి?"

"పాతబడిపోయాయి కదండీ, బట్ట తేలికైపోయింది," అంది గూడ్రున్, మొహంలో ఏమీ కనబడనివ్వకుండా.

"నా పెళ్ళినాటి కర్టెన్లమ్మా అవి! బాంబులకి కూడా కదల్లేదు." గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

నవంబర్ 13

బుధవారాలు దవాఖానా నేల తుడుస్తాను. జీతం కోసం కాదు, అక్కడ పొయ్యి ఉంది. సిస్టర్ క్లోటిల్డె నన్ను చూసి, "ఏంటే, అంత దిగులుగా ఉన్నావు? తూకానికి భయపడుతున్నావా?" అంది.

భయమేనన్నాను.

ఆవిడ తలుపు వేసి వచ్చింది. "పిచ్చిమొహమా, ఎవర్నీ పంపెయ్యరే. స్వీడన్ వాళ్ళు సూప్ పోస్తామన్నారు, రోజూ మధ్యాహ్నం, పాలతో చేసినది, మాంసం వేసినది. నూట ఇరవై మందికే వస్తుంది. మీ ఎత్తుకి యాభై కిలోలు గీత. గీతకి కింద ఉన్నవాళ్ళలో బాగా తక్కువ తూగినవాళ్ళు ముందు. ఎవరికైనా చెప్పావో, అందరూ మూడు రోజులు పస్తులుండి తూకానికొచ్చి కళ్ళు తిరిగి పడిపోతారు. డాక్టరు గారు నన్ను బతకనివ్వరు."

"ఎవరికీ చెప్పనండి."

"నీ రూమ్మేట్‌కి చెప్పు కావాలంటే. ఆ పిల్ల గోడ పట్టుకుని నడవడం చూశాను. ఇంకెవరికీ వద్దు."

నేల రెండుసార్లు తుడిచాను.

అమ్మాయిలం ఆరు వందల మంది ఉన్నాం. నూట ఇరవై సూప్‌లు. గూడ్రున్ నాకంటే తేలిక, ఎత్తి చూస్తే తెలుస్తుంది. తను చేరితే నా పేరు ఒకటి వెనక్కి పోతుంది. ఊరికే లెక్క వేశానంతే.

ఇంటికొచ్చేటప్పటికి నా లంగా కూడా తనే కుట్టి పెట్టింది. "నీ కుట్లు చూస్తే జాలేసిందే," అంది. అలిసిపోయి పడుకుంది. పొద్దున్నే చెప్తాను.

నవంబర్ 14

పొద్దున్న చెప్పలేదు. రొట్టె కొలుస్తోంది. మధ్యలో పలకరిస్తే విసుక్కుంటుంది.

మధ్యాహ్నం. సిస్టర్ చెప్పకు అన్నారు. మాటిచ్చాను. మాటంటే మాటే కదా.

సాయంత్రం. ఆవిడ గూడ్రున్‌కి చెప్పు అని కూడా అన్నారు. కానీ "కావాలంటే" అన్నారు. చెప్పి తీరాలని అనలేదు. పైగా గూడ్రున్ నోరు ఆగదు, తనలాగే వచ్చిన శరణార్థి పిల్లలందరికీ చెప్పేస్తుంది. ముప్పై మంది ఉన్నారు వాళ్ళు, ముప్పై మందీ ఎండు పుల్లలే. అప్పుడు నా గతేమిటి?

తను స్నానాల గదికి వెళ్ళినప్పుడు నా లంగా అంచు విప్పి సీసం మంచం కింద పెట్టేశాను.

తిరిగొచ్చి తన లంగా తొడుక్కుని అద్దం ముందు అటూ ఇటూ తిరిగింది. "ఉబ్బెత్తుగా కనబడుతోందా?"

"లేదు," అన్నాను. నిజంగానే కనబడలేదు.

నవంబర్ 15

వ్యాయామశాలలో తూచారు. బయట వసారాలో కుళాయి ఉంది. గూడ్రున్ ఐదు గ్లాసులు తాగింది. ఆరోది పట్టుకుని నా వంక చూసి, "ఇది కూడా తాగనా? కడుపు పగిలేలా ఉంది," అంది.

"తాగు," అన్నాను.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ అప్పటికే ఐదు తాగేసింది కదా, ఆరోదాంతో వచ్చిన తేడా ఏముంది?

గూడ్రున్ యాభై కిలోల ఆరు వందలు. పీట మీంచి మహారాణిలా దిగింది. నేను నలభై ఎనిమిది ఏడు వందలు. సిస్టర్ తూకపు రాళ్ళు సర్దుతూ తన వంకా నా వంకా చూశారు. ఏమీ అడగలేదు. వెనక రెండు వందల మంది వరసలో ఉన్నారు.

"నీకెంతొచ్చిందే?" అంది బయటికి రాగానే.

"యాభై ఒకటి."

"బతికిపోయాం!" అని నన్ను గట్టిగా వాటేసుకుంది. కడుపులో నీళ్ళు గలగలలాడటం వినిపించింది.

నవంబర్ 18

జాబితా పెట్టారు. పైన పెద్ద అక్షరాలతో: అదనపు భోజనానికి ఎంపికైన విద్యార్థినులు.

గూడ్రున్ రెండు సార్లు పైనుంచి కిందకి చదివింది. తరవాత నవ్వింది. జనం తిరిగి చూసేంత గట్టిగా నవ్వింది. "నేను పాసయ్యానే! చూడు, నేను పరీక్ష పాసయ్యాను!"

ఆ నవ్వు ఆగాక నా పేరు మీద వేలు పెట్టింది. "నువ్వు యాభై ఒకటన్నావు."

"ఏం చెప్పమంటావే, కుట్లు ఊడి సీసం వ్యాయామశాల మెట్ల మీదే జారిపోయింది. నిజం చెబితే కంగారు పడతావని అలా అన్నాను."

"నా కుట్లు ఊడాయా?"

"ఊడాయి."

"అయితే నా కుట్లే నీకు అన్నం పెట్టాయన్నమాట," అంది. నా బుగ్గ మీద ముద్దు పెట్టింది.

సీసం సంగతి చెప్పి మళ్ళీ తూయించుకుంటానంది. మోసం చేశావని సీటే తీసేస్తారే అని ఆపాను. అది నిజం. తన మంచికే చెప్పాను.

నాది నూట పదిహేడో పేరు. అంటే గూడ్రున్ పేరు కూడా ఉండి ఉంటే నూట పద్దెనిమిది అయ్యేది. అయినా నాకు వచ్చేది. ఇప్పుడు తెలిసింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను. పధ్నాలుగో తేదీన నాకెలా తెలుస్తుంది?

నవంబర్ 19

బఠాణీ సూప్. లోపల పంది మాంసం ముక్క ఒకటి, బొటనవేలంత. ఒక తెల్ల బన్ను. తెల్లది! మొదటి చెంచాకి కళ్ళ నీళ్ళొచ్చాయి. పక్కన కూర్చున్న పిల్ల గిన్నెలోకి తల దూర్చేసి నాకుతోంది, ఎవరూ నవ్వలేదు.

గుమ్మం దగ్గర ఒకావిడ నిలబడి సంచులు వెతుకుతుంది. లోపల తినాలి, బయటికి చుక్క పట్టుకెళ్ళకూడదు, పట్టుకెళితే కార్డు రద్దు. చాలా మంచి నియమం. అదే లేకపోతే తిన్నది ఒంటికి పట్టకుండా మనసు పీకేది.

డిసెంబర్ 5

గూడ్రున్ తరగతిలో కళ్ళు తిరిగి పడింది. ఇంటిగ్రల్ లెక్క మధ్యలో పడ్డానని చెప్పింది, అదేదో పెద్ద జోకైనట్టు. నేను కోటు వంతు వదులుకున్నాను. ఇప్పుడు నాకు అంత చలి వెయ్యడం లేదు.

డిసెంబర్ 24

ఫ్రౌ బ్రుంకే పండగకి ఒక కుందేలు కోసి, మా ఇద్దరికీ చెరొక ఎముక పంపింది. నా ఎముక కూడా గూడ్రున్‌కే ఇచ్చేశాను.

"నీకొద్దా?"

"నువ్వు తినవే."

ఎముక విరిచి, లోపల మూలుగంతా పీల్చి, కళ్ళు మూసుకుని కూర్చుంది. నేనంత చెడ్డదాన్నేం కాదు. ఎవరైనా ఇస్తారా, పండగనాడు ఎముక?

1947, జనవరి 10

మళ్ళీ తూశారు. ఈసారి అందరికీ తెలుసు. ఒక్కరూ రొట్టె ముట్టుకుని రాలేదు, ఇద్దరు వసారాలోనే పడిపోయారు.

గూడ్రున్ నలభై నాలుగు. జాబితాలో రెండో పేరు.

నేను యాభై ఒకటి మూడు వందలు. కార్డు లాగేసుకున్నారు. "బాగా కోలుకున్నావమ్మా, అభినందనలు," అన్నారు డాక్టరు గారు. ఆ మాటకి ఆయన్ని కొరకాలనిపించింది.

తూకం దగ్గర సిస్టర్ క్లోటిల్డె గూడ్రున్‌ని చాలాసేపు ఆపి ఏదో అడిగారు. గూడ్రున్ ఏదో చెప్పింది. ఇద్దరూ నా వైపు చూడలేదు. అసలు చూడకపోవడమే బాగాలేదు.

"ఏమడిగిందే ఆవిడ?"

"కాళ్ళు వాచాయా అని అడిగింది. చూపించాను."

అంతే అయి ఉంటుంది.

జనవరి 14

నాలుగు రోజులు. ఆకలి ఇంతకు ముందు కంటే ఘోరంగా ఉంది. తినడం మర్చిపోయిన కడుపు ఊరుకుంటుంది, తినడం గుర్తొచ్చిన కడుపు ఊరుకోదు. పన్నెండు కొట్టేసరికి నోట్లో నీళ్ళూరతాయి, వద్దన్నా కాళ్ళు ఆ వీధి వైపే లాగుతాయి.

ఒంటి గంటన్నరకి గూడ్రున్ వచ్చింది. తలుపు గడియ వేసి, కోటు విప్పి, లోపలి నుంచి వేడినీళ్ళ రబ్బరు సంచి తీసింది. కాపడానికి ఫ్రౌ బ్రుంకే ఇచ్చినది. నా గిన్నెలోకి వంచింది. సూప్!

"పట్టుబడితే కార్డు పోతుందే!"

"పట్టుకోవడానికి ఆవిడ నా కడుపు తడుముతుందా? సగం నేను తిన్నాను, సగం నీకు. తాగు."

రబ్బరు వాసన కొట్టింది. ఆఖరి చుక్క దాకా తాగాను. ఏడ్చాను కూడా. తను నా తల నిమిరింది. ఇలాంటి పిల్ల దగ్గర నేను... సరే. ఎప్పుడో ఒకప్పుడు చెప్తాను. చెబితే క్షమిస్తుంది, అంత మంచిది. కానీ మంచివాళ్ళని ఊరికే బాధపెట్టడం ఎందుకు?

జనవరి 22

బార్లీ. సగం.

జనవరి 30

సిరా గడ్డకట్టింది, పెన్సిల్‌తో రాస్తున్నాను. బొగ్గు లేదని తరగతులు మూసేశారు, సూప్ మాత్రం పోస్తున్నారు. ఒక్క రోజు కూడా మానకుండా తెస్తోంది. "నీక్కావాలి కదే, నువ్వే తాగు," అని ఇవాళ అన్నాను. అని, గిన్నె ముందుకు జరిపాను.

ఫిబ్రవరి 11

గూడ్రున్ కాళ్ళు బాగా వాచాయి. బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోంది. దగ్గు కూడా. ఈ సగాల వల్ల తనకి సరిపోవడం లేదని నాకు తెలుసు. చిన్న పిల్ల కాదు కదా, తన మంచిచెడ్డలు తనకి తెలీవా?

ఇరవై ఒకటిన మళ్ళీ తూకం. నడుం దగ్గర లంగా జారిపోతోంది, ఈసారి గీతకి కింద పడతాను. ఇద్దరికీ కార్డులొస్తే ఇద్దరం నిండుగా తింటాం. అప్పుడిక ఎవరూ ఎవరికీ బాకీ ఉండరు.

ఫిబ్రవరి 20

గూడ్రున్ చేప తెచ్చింది! ఉప్పు హెర్రింగ్, నిండు చేప. తన వెండి లాకెట్ మార్చుకుని తెచ్చిందట. వాళ్ళమ్మ ఫోటో ఉన్న లాకెట్.

"ఎందుకే అంత పని చేశావు?"

"రేపు తూకం కదా. ఓపిక ఉండాలి, పడిపోతావు." తల, తోక తను తీసుకుని మధ్యదంతా నాకే పెట్టింది. జాడీలో ఉప్పునీళ్ళు కూడా వదల్లేదు నేను. నోరు పిడచకట్టుకుపోతోంది. పక్కన కూజా నింపి పెట్టింది తనే. తాగుతూనే ఉన్నాను.

ఫిబ్రవరి 21

యాభై కిలోల రెండు వందలు.

యాభై కిలోల రెండు వందలు.

సిస్టర్ని బతిమాలాను. పీట మీద మళ్ళీ నిలబడ్డాను. మూత్రానికి వెళ్ళొస్తానండి, ఒక్క గంట ఆగండి అన్నాను. "వరసలో జనం ఉన్నారమ్మా. ఏప్రిల్లో మళ్ళీ తూస్తాం. ఈలోగా ఎవరైనా మానేస్తే వెయిటింగ్ లిస్టులో మొదటి పేరు నీదే," అన్నారు. ఆవిడ గొంతులో నా మీద జాలి లేదు.

గూడ్రున్‌ది నలభై రెండు. కార్డు అలాగే ఉంది.

ఒంటి గంటన్నరకి వచ్చింది. కోటు విప్పింది. రబ్బరు సంచి లేదు.

"మర్చిపోయావా?"

"లేదు. అంతా తినేశాను." మంచం మీద కూర్చుని బూట్లు విప్పుకోసాగింది, వాపు వల్ల ఒక పట్టాన రావు. "నీకింకెందుకే? పాసయ్యావు కదా."

నా గిన్నె నా చేతిలోనే ఉంది.

"సిస్టర్ చెప్పింది," అంది, ఏ కోపమూ లేకుండా, లెక్క అప్పజెప్పినట్టు. "జనవరిలో. 'నీ రూమ్మేట్‌కి చెప్పాను కదా, మరి నవంబర్లో నువ్వు అంత ఎలా తూగావు?' అని అడిగింది. ఆ రోజంతా ఆలోచించాను. తరవాత లెక్క వేశాను. రోజుకి సగం సూప్ పోస్తే ఇరవై ఒకటి నాటికి నువ్వు నలభై తొమ్మిది ఏడు వందల దగ్గరుంటావు. మూడు వందలు చాల్లేదు. అందుకని చేప."

"నాకు పోసిన సగం కూడా నువ్వే తిని ఉంటే నీ కాళ్ళు ఇలా అయ్యేవి కాదు కదే!"

"కావు."

"పిచ్చి పట్టిందా నీకు?"

"పట్టింది." బూటు ఊడి వచ్చింది. "నువ్వు చెప్పి ఉంటే ఇద్దరం తినేవాళ్ళం, హెర్తా. నాది ఎక్కడో ముందుండేది, నీది నూట పద్దెనిమిది అయ్యేది. ఆ లెక్క నువ్వు వెయ్యలేదా?"

"వేశాను."

"ఎప్పుడు?"

గిన్నె బల్ల మీద పెట్టాను. తను పడుకుని గోడ వైపు తిరిగింది.

ఫిబ్రవరి 22

రాక్షసి. రాక్షసి. రాక్షసి.

ఫిబ్రవరి 24

సూప్ బయటికి తెచ్చిందని ఫిర్యాదు రాశాను. పేరు పెట్టకుండా. మొదటి ప్రశ్నే "ఎవరి కోసం తెచ్చింది?" అని వేస్తారు. చింపేశాను. చింపేసినందుకు నన్ను మెచ్చుకునే వాళ్ళెవరూ లేరు ఈ గదిలో.

ఫిబ్రవరి 27

మాటల్లేవు. ఒకరి తరవాత ఒకరం కుళాయి దగ్గరికెళతాం. తను రొట్టె కొలుస్తుంది. నేను టర్నిప్ దుంప తొక్కలు ఉడకబెట్టుకుంటాను. ఇవాళ తను సూప్‌కి వెళ్ళి మెట్లెక్కడానికి అరగంట పట్టింది. ప్రతి మెట్టూ విన్నాను. సాయం పట్టడానికి లేద్దామనుకున్నాను.

మార్చి 2

గూడ్రున్ లేవలేదు. జ్వరం. సూప్‌కి వెళ్ళలేదు.

"డాక్టర్ని పిలవనా?" అన్నాను. పది రోజుల్లో ఇదే మొదటి మాట.

"ఎందుకంత తొందర?" అంది. "నేను పోతే కార్డు నీదేనటగా. సిస్టర్ చెప్పింది."

ఇలా మాట్లాడే మనిషికి డాక్టర్ని ఎలా పిలుస్తాం? మొండిది.

మార్చి 3

అన్నీ కలవరింతలే. వాళ్ళమ్మతో మాట్లాడుతోంది, బండి ఆపమంటోంది. తడిగుడ్డ వేశాను. ఫ్రౌ బ్రుంకే తొంగి చూసి, "ఊపిరితిత్తులు పట్టేసినట్టున్నాయే, వెంటనే తీసుకెళ్ళండి," అంది. రేపు ఆవిడ పొద్దున్నే బొగ్గు క్యూకి వెళ్ళిపోతుందట, తాళం చెవి నాకిచ్చింది.

మార్చి 4

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పన్నెండుకి బయల్దేరాను. పొద్దున్నే వెళ్ళి ఉండొచ్చు. మంచు కురుస్తోంది, తగ్గుతుందేమో అని చూశాను. గూడ్రున్ నిద్రపోతోంది. ఇంట్లో ఇంకెవరూ లేరు కదా అని వీధి తలుపుకి తాళం వేశాను. అడుగుతారేమోనని తన సూప్ కార్డు కూడా జేబులో పెట్టుకున్నాను. అడిగితే ఇవ్వడానికే.

సిస్టర్ క్లోటిల్డె నా మాట పూర్తిగా వినకుండానే స్ట్రెచర్‌తో ఇద్దరు మనుషుల్ని పంపించారు. "కార్డు తెచ్చావా?" అన్నారు. ఇచ్చాను. ఆవిడ నా వంక చూశారు. తరవాత గూడ్రున్ పేరు కొట్టేసి నా పేరు రాశారు. "ఆస్పత్రిలో ఆస్పత్రి తిండి ఉంటుంది. నియమం ప్రకారం ఇవాళ్టి నుంచి ఇది నీది. ఇక పరిగెత్తు, వాళ్ళకి దారి చూపించు."

వీధిలోకి వచ్చాను. గడియారంలో పన్నెండూ నలభై. ఒంటి గంటకి సూప్ పొయ్యడం ఆపేస్తారు. మనుషులు ముందే వెళ్ళారు, చిరునామా వాళ్ళ దగ్గరుంది. తాళం చెవి నా జేబులో ఉంది.

మంచులో స్ట్రెచర్ మోసుకుంటూ ఇంటి దాకా వెళ్ళేసరికి వాళ్ళకి మాత్రం ఎంతసేపు పట్టదు? ఇరవై నిమిషాల్లో ఏమవుతుంది? మూడు రోజుల నుంచి నేను తొక్కలు తప్ప ఏమీ తినలేదు. తినకుండా పరిగెత్తితే నేను కూడా వీధిలో పడేదాన్ని, అప్పుడు తలుపు ఎవరు తీస్తారు?

పాలల్లో ఉడికించిన తీపి బార్లీ. ఎండుద్రాక్షలు వేశారు. ఒక్కొక్కటీ తీసి గిన్నె అంచున పెట్టుకుని ఆఖర్న తిన్నాను. తొందరపడలేదు. అదే రాయాలనుకున్నాను, తొందరపడలేదు అని.

ఒకటీ ఇరవైకి ఇంటికొచ్చాను. ఆ ఇద్దరూ గుమ్మం ముందు మంచులో కాళ్ళు తన్నుకుంటూ నిలబడ్డారు. "ఎక్కడ చచ్చావమ్మా? లోపల పిల్ల దగ్గు వినబడుతోంది, తలుపు బద్దలు కొట్టబోతున్నాం!" అని ముసలాయన నా మీద అరిచాడు. తాళం తీశాను.

దుప్పట్లో చుట్టి స్ట్రెచర్ మీద పడుకోబెట్టారు. పిట్టంత ఉంది. మొహం నీలంగా, పెదాలు పగిలిపోయి. తలుపు దాటించేటప్పుడు ఒక్క క్షణం దించారు, మలుపు ఇరుకు. నేను దుప్పటి సర్దడానికి వంగాను. కళ్ళు తెరిచింది. నా నోటి దగ్గర గాలి పీల్చింది.

"ఏం పెట్టారివాళ?"

ముసలాయన విన్నాడు. నా వైపు తల తిప్పాడు.

"తీపి బార్లీ," అన్నాను.

"ఎండుద్రాక్ష వేశారా?"

"వేశారు."

"ఎన్నొచ్చాయి?"

"ఏడు," అన్నాను.

పదకొండు వచ్చాయి.